ఫోన్‌లో అన్నీ ఉచితమేగా!

పోయిన ఏడాది మా అమ్మాయి గుంటూరులో హాస్టల్లో ఉండి కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటానని అడిగింది. డిగ్రీ రెండో సంవత్సరం అప్పుడు. మా బావగారు కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఎందుకమ్మా ఆడపిల్లకి హాస్టళ్లూ ఫీజులూ? ఐఐటీ వాళ్ల పాఠాలే ఫోన్‌లో ఉచితంగా వస్తున్నాయి. ఇంటిపట్టున కూర్చుని చదువుకోమను" అన్నారు. మావారు తలూపారు. నిజం చెప్పొద్దూ, నేనూ తలూపాను. అంతకు నెల ముందే మా అబ్బాయిని ఇంటర్‌కి అదే గుంటూరులో హాస్టల్లో వేసి లక్షన్నర కట్టాం. వాడి విషయంలో ఫోన్ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ముందే చెప్తున్నాను, ఆ పాఠాల మీద నాకు కోపం లేదు. ఐఐటీలూ బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ గానీ, 2017 జులైలో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన స్వయం గానీ, బంగారం లాంటివి. చేరడానికి రూపాయి అక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలంటే వెయ్యి రూపాయలు కట్టి, పరీక్ష కేంద్రానికి వెళ్లి రాసి రావాలి. కాలేజీ ఒప్పుకుంటే ఆ క్రెడిట్లు డిగ్రీలోనూ కలుస్తాయి. 40 శాతం దాకా అలా కలుపుకోవచ్చని 2021లో యూజీసీయే చెప్పింది. నాదెండ్లలో కూర్చున్న పిల్లకి ఐఐటీ మేష్టారు పాఠం చెప్పడమంటే మాటలా?

నా పేచీ అంతా ఆ "ఇంటిపట్టున" అన్న మాటతోనే.

అమ్మాయి జనవరిలో పైథాన్ కోర్సులో చేరింది. పన్నెండు వారాలు. వారానికో అసైన్‌మెంట్, బుధవారం రాత్రి పన్నెండు లోపు పంపాలి. పన్నెండిట్లో బాగా వచ్చిన ఎనిమిదిటి సగటు తీసి పాతిక మార్కులకి లెక్కేస్తారు, మిగతా డెబ్భై అయిదు పరీక్షకి. అసైన్‌మెంట్లలో కనీసం పది, పరీక్షలో కనీసం ముప్పై వస్తేనే సర్టిఫికెట్. నాలుగు వారాలు తప్పినా పర్వాలేదన్నమాట. ఇంతకంటే దయగల నియమం ఏముంటుంది?

మొదటి మూడు వారాలూ పంపింది. తర్వాత మిరప కోతలు వచ్చాయి. ఈ పల్నాడులో జనవరి నుంచి ఏప్రిల్ అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. కూలీలకి తెల్లారకముందే వంట, పొద్దున కల్లంలో కాయలు తిరగెయ్యడం, మధ్యాహ్నం తాలుకాయలు ఏరడం, రాత్రికి ఒళ్లంతా మంట. కాలేజీ నుంచి బస్సు దిగిన పిల్ల కనపడగానే నా నోటికొచ్చే మొదటి మాట "ఏమ్మా, ఆ పొయ్యి కాస్త చూడు" అనే. వీడియో పెట్టుకుని కూర్చుంటే "ఎప్పుడూ ఆ ఫోనేనా" అని మా అత్తయ్యగారు. ఆ ఫోన్ కూడా దానిది కాదు, నాది. రాత్రి కల్లం కాపలాకి వెళ్తూ, తన ఫోన్‌లో చార్జింగ్ నిలవట్లేదని మావారు నాది పట్టుకెళ్లేవారు. ఆ నెలల్లో బుధవారాలు ఎన్ని గడిచాయో నేను లెక్కపెట్టలేదు. అది లెక్కపెట్టుకుంది.

పరీక్ష రాసింది. డెబ్భై అయిదుకి యాభై ఒకటి వచ్చాయి. సర్టిఫికెట్ మాత్రం రాలేదు. పంపిన మూడిటికీ నూటికి నూరు వచ్చినా, ఎనిమిదితో భాగిస్తే పాతికకి తొమ్మిది చిల్లరే. వెయ్యి రూపాయలు అది చీటీ డబ్బుల్లోంచి దాచుకున్నవి. "పోన్లే అమ్మా, పాఠం వచ్చిందిగా" అని నన్నే ఓదార్చింది. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.

నాకు నా చదువు గుర్తొచ్చింది. పెళ్లయ్యాక నేను అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బీఏ కట్టాను. 1982లో పెట్టారు దాన్ని, దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ. ఆదివారం క్లాసులకి నరసరావుపేట వెళ్లేదాన్ని. అప్పుడూ ఇంట్లో సణుగుడు ఉండేది, కాకపోతే బస్సెక్కాక నన్నెవరూ పిలిచి పప్పు రుబ్బమనలేరు. సాయంత్రం దాకా నేను చదువుకునే మనిషినే. మా అమ్మాయికి ఆ బస్సు లేదు. అది చదువుతున్న చోటే అంట్లున్నాయి, నీళ్ల బిందెలున్నాయి, నేనున్నాను.

మా బావగారి లాంటి వాళ్లు దీనికీ ఒక జవాబు ఉంచుకుంటారు. వీధిదీపం కింద చదువుకుని పెద్దవాళ్లయిన వాళ్లు లేరా, పట్టుదల ఉండాలి గానీ, అని. ఉన్నారు. ఆ వీధిదీపం కింద కూర్చున్న పిల్లాణ్ణి మధ్యలో లేచి అన్నం వార్చమని ఎవరైనా అన్నారా? 2019లో ప్రభుత్వం దేశమంతా సర్వే చేసి, మనిషి రోజు ఎలా గడుస్తుందో లెక్క తీసింది. ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు దానికే పెడుతున్నారు, చేసే మగవాళ్లు 97. ఆ అయిదు గంటల్లోంచి పట్టుదల రెండు గంటలు ఎలా తవ్వి తీస్తుందో నాకు తెలియదు. 2019–20 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడామన్న ఆడవాళ్లు నూటికి 21 మందే. మగవాళ్లు సుమారు 49. ఉచిత పాఠం అందరికీ ఒకేలా వస్తుందనేవాళ్లు ఈ అంకెలు ఒకసారి చూడాలి.

మగవాళ్లని అని ఊరుకుంటే నాకు సుఖంగానే ఉంటుంది. కానీ అబ్బాయి సెలవులకి వస్తే "వాడు చదువుకుంటున్నాడు, టీవీ తగ్గించండి" అనేది ఎవరు? నేనే. వాడి గది తలుపు దగ్గరగా వేసి, పాలు గ్లాసులో పోసి బల్ల మీద పెట్టి చప్పుడు కాకుండా వచ్చేదాన్ని. అమ్మాయి చెవిలో ఇయర్‌ఫోన్ ఉంటే మాత్రం పిలిచినా పలకదని విసుక్కున్నాను. ఆడపిల్లకి పని రావద్దా అంటారు మీలో కొందరు. రావాలి. మా పిల్లకి వచ్చు, ఇరవై మందికి వండి వార్చగలదు. మా వాడికి టీ పెట్టడం రాదు, దాని గురించి ఎవరూ బెంగపెట్టుకోలేదు.

కాబట్టి ఈసారి ఎవరైనా "ఫోన్‌లో ఉచితంగా ఉన్నాయిగా" అంటే నేను లెక్క అడుగుతున్నాను. ఆ పిల్ల పేరున ఫోన్ ఏది? రోజుకి రెండు గంటలు దాని పని ఎవరు చేస్తారు, పేరు చెప్పండి. అవి ఇవ్వలేమంటే హాస్టల్ ఫీజు కట్టండి. రెండూ కుదరవంటే అమ్మాయిని చదివించడం ఇష్టం లేదని నోరు తెరిచి చెప్పండి, ఐఐటీ వాళ్ల వెనక దాక్కోకండి. మొన్న మా బావగారితో ఇదే అన్నాను, కాస్త మెత్తగా. ఆయన పేపర్ తిరగేశారు.

అదే కోర్సు జులైలో మళ్లీ మొదలైతే అమ్మాయి మళ్లీ చేరింది. పత్తి తీతలు వచ్చేలోపు సగానికి పైగా అయిపోతుంది. అబ్బాయి పాత ఫోన్‌కి కొత్త బ్యాటరీ వేయించి దానికిచ్చాం. మధ్యగదికి లోపలి గడియ లేదు, వడ్రంగిని పిలిపించి బిగించాను. ఏడింటి నుంచి తొమ్మిది దాకా తలుపు వేసే ఉంటుంది. అంట్లు మావారూ నేనూ కడుగుతున్నాం, ఆయన గిన్నెల అడుగు సరిగ్గా తోమరు, మళ్లీ నేనే తోముకుంటున్నాను. అత్తయ్యగారు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు వచ్చి, "లోపల ఏం చెప్తున్నారు దానికి?" అని అడిగారు.