టాబ్, ఎంటర్

2003లో రెడ్ హ్యాట్ లినక్స్ 9 సీడీ పెట్టి సిస్టం ఆన్ చేస్తే నీలం తెర ఒకటి వచ్చేది. ఇన్‌స్టాల్ చేసేముందు డిస్కు బాగుందో లేదో చూడమంటారా అని అడిగేది. ఓకే, స్కిప్. మేం టాబ్ నొక్కి ఎంటర్ కొట్టేవాళ్లం. కొత్త కుర్రాళ్లకు నేర్పింది కూడా అదే.

తెలియక కాదు. ఐఎస్ఓ, అంటే సీడీ మొత్తం ఒకే ఫైలుగా, తయారు చేసేటప్పుడే డేటాకంతా లెక్క కట్టి, ఆ 32 అక్షరాల ఎండీ5ను అదే ఫైల్లో, 16వ సెక్టారులో వాడకుండా మిగిలిన 512 బైట్ల చోట రాసిపెడతారు. తూకం చీటీ బస్తాలోనే వేసి కుట్టినట్టు. ఇంప్లాంట్‌ఐఎస్‌ఓఎండీ5 అనే చిన్న కమాండుతో మన ఐఎస్ఓకైనా ఆ చీటీ పెట్టుకోవచ్చు. ఇదంతా పదిమందికి గొప్పగా చెప్పినవాణ్ని నేను.

మరుసటేడు అమ్మమ్మ, ఆవిడ ఈడువాళ్లు పాడిన దంపుళ్ల పాటలు, పెళ్లి పాటలు ముగ్గురం కలిసి సీడీలకెక్కించాం. పన్నెండు క్యాసెట్లు, పన్నెండు సీడీలు. చీటీ పెట్టలేదు. రైటింగ్ సాఫ్ట్‌వేర్లో వెరిఫై అనే గడి ఉంటే, మరో నాలుగు నిమిషాలెందుకని టిక్కు తీసేశాం. తీసింది నేనే, సరే అన్నది మిగతా ఇద్దరు. ట్రే బయటికొస్తే పనైపోయినట్టే మాకు. పైన పేర్లు బాల్‌పెన్నుతో ఒత్తి రాశాను. సీడీలో డేటా పొర ఆ రాతకిందే, పల్చటి పూత చాటున ఉంటుందని అప్పటికే చదివాను కూడా. తర్వాత ఇంట్లో క్యాసెట్ల మీద సినిమా పాటలెక్కిస్తుంటే "సీడీల్లో ఉన్నాయిగా" అన్నాను.

మొన్న తీస్తే ఏడు పలకలేదు. డ్రైవు గిర్రున తిరుగుతుంది, నీరసిస్తుంది, మళ్లీ తిరుగుతుంది. ఒకదాంట్లో ఫైలు పేరు కనిపిస్తుంది, పాట పదకొండో నిమిషం దగ్గర తెగిపోతుంది. రాసిన రోజే చెడ్డాయా, ఇన్నేళ్లలో లోపలి రంగు పొర పాడైందా? చెప్పలేను, పోల్చి చూడ్డానికి చీటీ లేదు. ఉన్నా అది పాటను కాపాడేది కాదనుకోండి, పోయిందని చెప్పేది, అంతే. కానీ రాసిన రోజే చెప్పి ఉంటే, అప్పటికి క్యాసెట్టు ఇంకా అరలోనే ఉంది.

మన ఇళ్లలో బీరువా పైఅరన పెళ్లి డీవీడీ లేనిదెవరికి? రాసిన నాడు చివరిదాకా చూసిందెవరు? అడిగే అర్హత నాకు లేదు, నిజమే.

నిన్న పిన్ని ఫోన్ చేసి "అమ్మ పాటలన్నీ ఉన్నాయిగా నాన్నా" అంది. చూస్తున్నాను పిన్నీ అన్నాను. ఏడు పోయాయని ఇంకా చెప్పలేదు.