స్క్రూ తిప్పే ముందు

పాత ఎంజీబీ కారు ఐడిల్‌లో నిలకడగా ఆడకపోతే చాలామంది వెంటనే కార్బురేటర్ మీద చెయ్యి వేస్తారు. నా దృష్టిలో అది చివర చేయాల్సిన పని. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో తయారైన ఈ స్పోర్ట్స్ కార్లలో ఎక్కువవాటికి 1798 సీసీ ఇంజిన్, జంట ఎస్‌యూ కార్బురేటర్లు ఉంటాయి. ముందు వాల్వ్ క్లియరెన్స్, పాయింట్లు, ఇగ్నిషన్ టైమింగ్ సరిచూడాలి. ఆ తర్వాతైనా పెట్రోలు-గాలి మిశ్రమం సర్దే నట్టు జోలికి పోకుండా త్రాటిల్ స్పిండిల్‌ను పట్టుకుని ఊపి చూడాలి. ఏళ్ల తరబడి తిరిగి అరిగిన స్పిండిల్ పక్క సందులోంచి లెక్కలో లేని గాలి లోపలికి దూరుతుంది. ఇంజిన్ పీల్పు బలంగా ఉండే ఐడిల్‌లోనే దాని దెబ్బ ఎక్కువ. దాన్ని కప్పిపుచ్చడానికి పెట్రోలు పెంచితే ఐడిల్ కుదురుకోవచ్చు గానీ, రోడ్డెక్కాక మిశ్రమం చిక్కబడి ప్లగ్గులు మసిబారతాయి. చిల్లికుండకు నీళ్లు పోసినట్టే! కొత్త స్పిండిల్, బుష్షులు, జెట్, నీడిల్ వేయించి, రెండు కార్బురేటర్ల గాలిని సమం చేశాకే మిశ్రమం సర్దాలి. ఈ ఓపిక లేక ఎస్‌యూలను పీకేసి వెబర్ కార్బురేటర్ బిగించేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఇంజిన్ అడిగిన గాలిని బట్టి ఎస్‌యూలో తానే లేచి దిగే పిస్టన్, దానితో కదిలే సన్నని నీడిల్ ఈ కారు స్వభావంలో భాగం. అరిగిన నాలుగు భాగాల కోసం వాటిని వదులుకోకూడదు.