అంబాసిడర్ బ్రేకు కీచుమంటోందా?

అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. మా జహీరాబాద్‌లో మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి ఇంకా తిరుగుతూనే ఉంది. ఒకప్పుడు ఆల్విన్ నిస్సాన్ లారీలు, ఇప్పుడు మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతున్న ఊరు కదా, బండి చప్పుడు చేస్తే సలహాలకు కొదవలేదు. అందులో మొదటిది: 'డ్రమ్ములు విప్పి లేత్ పట్టించెయ్!'

నాకు ఈ సలహా నచ్చదు. లేత్ ఎక్కిన ప్రతిసారీ డ్రమ్ము పలచబడుతుంది, దానికో హద్దుంది. పాత బండికి మంచి డ్రమ్ము దొరకడం అంత తేలికా? పైగా లేత్ మీద గరుకుగా కోస్తే లోపల మర చుట్టులాంటి గీత పడుతుంది. బ్రేకు షూ ఆ గీత వెంబడి పక్కకు జరిగి, టక్కున వెనక్కి వస్తుంది. అంటే కొత్త చప్పుడు!

సాఫ్ట్‌వేర్‌లో తప్పు ఎప్పుడు వస్తోందో తెలియకుండా కోడ్ ముట్టుకోం (ముట్టుకోకూడదు, అది వేరే సంగతి). ఇక్కడా అంతే. విప్పేముందు వినండి. వానలో నిలిపిన బండి పొద్దున్నే గరగరలాడి, రెండు మూడు బ్రేకులకు సద్దుకుంటే అది తుప్పు, వదిలేయండి. బ్రేకు నొక్కకపోయినా హోరుమంటూ, మలుపులో మారుతుంటే బేరింగు చూడాలి. గుంతల్లో గలగల, బ్రేకు నొక్కగానే బంద్ అయితే లోపల స్ప్రింగు వదులైనట్టు. చక్రం తిరిగినప్పుడల్లా పెడల్ కాలికి కొట్టుకుంటే డ్రమ్ము గుండ్రం తప్పింది. లేత్ పని దీనికే. ఇనుము ఇనుముతో రాసుకున్నట్టుంటే లైనర్ అరిగి రివెట్లు తగులుతున్నాయి, ఇక నడపొద్దు.

అసలు భయపడాల్సింది కీచుమంటూ బండి ఒక పక్కకు లాగినప్పుడు. వీల్ సిలిండర్ కారి లైనర్ తడిసిందేమో చూడండి. పాత మోడళ్లలో నాలుగు చక్రాలకూ ఒకటే లైను, ఎక్కడ తెగినా పెడల్ నేలకు దిగిపోతుంది. 65వ నంబరు హైవే మీద లారీ వెనకాల ఉన్నప్పుడు అలా జరిగితే? వెనక చక్రమైతే యాక్సిల్ సీలు దాటొచ్చిన గేర్ ఆయిల్ కూడా కావచ్చు. అది చిక్కగా, ఘాటుగా ఉంటుంది. ఏదైనా సరే, తడిసిన లైనర్‌ను పెట్రోలుతో కడిగి మళ్లీ బిగించొద్దు. కారేది ఆపి, రెండు పక్కలా కొత్తవి వేయించండి.

ఇంకోటి. డ్రమ్ము విప్పగానే గాలి కొట్టి దుమ్ము ఎగరగొట్టడం చాలాచోట్ల అలవాటు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తుల్లో చేరితే పోదు. తడిగుడ్డతో తుడవమనండి. మెకానిక్ నవ్వినా పర్లేదు, పక్కన పానాలు అందించే కుర్రాడు కూడా అదే గాలి పీలుస్తున్నాడు.