చెవికి రాని ఇంగ్లీషు

మన అమ్మాయిలకు ఇంగ్లీషు రాదంటే నేను ఒప్పుకోను. వ్యాసం రాయమంటే రెండు పేజీలు నింపుతారు. గ్రామరు బిట్లు టకటకా పెట్టేస్తారు. ఇంటర్లో 90 మార్కులు తెచ్చుకున్న పిల్లలు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వచ్చిన చిక్కల్లా ఒక్కటే... అదే ఇంగ్లీషును ఎదుటివాళ్లు నోటితో మాట్లాడితే అయోమయంగా చూస్తారు. కంటికి వచ్చిన భాష చెవికి రాలేదన్నమాట!

మా గార్లదిన్నె లాంటి ఊళ్లలో ఈ సంగతి ఇప్పుడిప్పుడే గట్టిగా బయటపడుతోంది. పై చదువులకు విదేశాలకు వెళ్లాలనుకునే వాళ్లు, నర్సింగు చదివి బ్రిటన్‌కో ఐర్లండ్‌కో పోవాలనుకునే వాళ్లు అనంతపురం బస్సెక్కి ఐఈఎల్‌టీఎస్ కోచింగులకు పోయి వస్తున్నారు. ఆ పరీక్ష 1989లో మొదలైంది. అందులో చదవడానికి 60 నిమిషాలు, మూడు పెద్ద పాఠాలు, 40 ప్రశ్నలు. వినడానికి దాదాపు 30 నిమిషాలు, నాలుగు భాగాలు, అక్కడా 40 ప్రశ్నలే. కాగితం మీది పాఠాన్ని అర్థంకాకపోతే మళ్లీ చదువుకోవచ్చు. వినేది మాత్రం ఒక్కసారే! రెండోసారి వేయమని అడగడానికి లేదు. పైగా మాట్లాడేవాళ్లలో ఒకరు ఆస్ట్రేలియా యాస, ఇంకొకరు లండన్ యాస. ‘రెండు మాటలకు మించకుండా రాయండి’ అన్నచోట మూడు రాస్తే మార్కు పోతుంది. స్పెల్లింగు తప్పినా పోతుంది. ఫీజు 17 వేలకు పైనే. వచ్చిన మార్కులకు విలువ రెండేళ్లే. బుడ్డల పంట చేతికొస్తే గాని ఇంట్లో రూపాయి కనపడని ఊళ్లలో 17 వేలంటే ఎంతో నేను చెప్పక్కర్లేదు.

మా వీధి అమ్మాయి ఒకతె మాదిరి పరీక్ష రాసొచ్చి అన్న మాట నాకు బాగా గుర్తుండిపోయింది. “అక్కా, కాగితం మీదుంటే ఎంత కష్టమైనా చదువుతా. ఆయమ్మ మాట్లాడతాంటే మాత్రం నీళ్లు పోసినట్టు పోతాంది. ఒక ముక్కా చెవిలో నిలబడలా.”

నిలబడదు మరి. పన్నెండేళ్ల బడిలో, మూడేళ్ల కాలేజీలో ఆ చెవులకు ఎవరైనా పని చెప్పారా? ఇంగ్లీషు క్లాసంటే మనకేమిటి? మాస్టారు పాఠం ఒక వాక్యం చదువుతారు, తెలుగులో అర్థం చెప్తారు. పిల్లలు ఇంగ్లీషు ముక్క వదిలేసి తెలుగు ముక్క వింటారు. ఎవరైనా అదే చేస్తారు! ఆ తరవాత గైడు, ప్రశ్నలు, జవాబులు, కంఠస్థం. అంతా కంటికీ చేతికీ సంబంధించిన వ్యవహారమే.

ఇందులో తమాషా ఒకటి చెప్పాలి. 2020-21 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ సిలబస్ మార్చినప్పుడు మొదటి సెమిస్టరు ఇంగ్లీషులో మొట్టమొదటి యూనిట్టే ‘వినే నైపుణ్యాలు’ అని పెట్టారు. చూసి సంతోషించాను. తెరిచి చూస్తే ఏముంది? వినడం ప్రాముఖ్యం, వినడంలో రకాలు, వినడానికి ఆటంకాలు, చక్కగా వినడం ఎలా... అన్నీ రాసుకోవలసిన అంశాలే! వినడంలో రకాలేవో వివరించమంటే మన పిల్లలు ఒక్క వాక్యమైనా వినకుండా పేజీన్నర రాసి మార్కులు తెచ్చుకుంటారు. గట్టున కూర్చోబెట్టి ఈతలో రకాలు చెప్పమన్నట్టు లేదూ! తరవాత ఆ సిలబస్‌లూ మారాయనుకోండి. ఇంజనీరింగు కాలేజీల్లో ఇంగ్లీషు ల్యాబు అని ఉంటుంది కాబట్టి వాళ్లు కాస్త నయం. బీఏ, బీకాం చదివే మన ఊళ్ల ఆడపిల్లలకు అదీ లేదు. వీళ్లే రేపు శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనో, 2018లో అనంతపురానికి వచ్చిన కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనో పీజీలో చేరతారు. అక్కడ గంటసేపు ఇంగ్లీషు ఉపన్యాసం. తెలుగు మీడియం అమ్మాయి వెనక బెంచీలో కూర్చుని, పక్క పిల్ల నోట్సు చూసి రాసుకుంటుంది. విదేశాలకు పోయేది నూటికి ఒకరో ఇద్దరో. ఈ వెనక బెంచీ అమ్మాయిలు ఎంతమందో! నా బాధంతా వీళ్ల గురించే.

బళ్లలో ఒక ప్రయత్నం జరక్కపోలేదు. అమెరికాలో విశ్వవిద్యాలయాల ప్రవేశం కోసం 1964లో మొదలైన టోఫెల్ పరీక్షలో చిన్నపిల్లల రకాలు కూడా ఉన్నాయి. 2023లో మన రాష్ట్ర ప్రభుత్వం ఆ పరీక్ష పెట్టే ఈటీఎస్ సంస్థతో ఒప్పందం చేసుకుని, మూడో తరగతి నుంచే సర్కారు బడి పిల్లలకు ఆ తర్ఫీదు మొదలుపెట్టింది. 2024 ఏప్రిల్‌లో పరీక్ష కూడా పెట్టారు. అదే ఏడు ప్రభుత్వం మారాక ఆపేశారు. మూడో తరగతి పిల్లకు అమెరికా పరీక్ష ఎందుకని అప్పుడు చాలామంది నవ్వారు. నాకూ ఆ పరీక్ష, ఆ సర్టిఫికెట్టు అనవసరమనే అనిపించింది. కానీ అందులో ఒక మంచి ఉంది. వినడం అనేదానికి బడిలో ఒక వేళ, ఒక చోటు దొరికాయి. పరీక్ష పోతే పోయింది, ఆ వినే పీరియడు ఉంచేసి ఉంటే ఏం పోయేది? దానికి ఏ దేశం పేరూ అక్కర్లేదు, ఏ పార్టీ పేరూ అక్కర్లేదు.

సరే, ప్రభుత్వాల మాట అలా ఉంచుదాం. అసలు మన చెవికి ఇంగ్లీషు ఎందుకు అందదు? కారణం తెలిస్తే భయం సగం పోతుంది.

తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు పలికితే గాని మనకు మాట పూర్తయినట్టుండదు. అందుకే బస్‌ను బస్సు చేశాం, రోడ్‌ను రోడ్డు చేశాం, బల్బ్‌ను బల్బు చేశాం. ప్రతి అక్షరానికీ దాని వాటా దానికిచ్చి నిండుగా పలుకుతాం. ఇంగ్లీషు వాళ్లది వేరే లెక్క. మాటలో ఒక్కచోట ఒత్తి పలికి మిగతాది మింగేస్తారు. మనం ముక్కముక్కా పలికే ‘కంఫర్టబుల్’ వాళ్ల నోట ‘కంఫ్టబుల్’ అయిపోతుంది. ‘వెజిటబుల్’ కాస్తా ‘వెజ్టబుల్’. ‘నాట్ ఎట్ ఆల్’ అనే మూడు మాటలూ అతుక్కుని ‘నాటటాల్’ అని ఒకే మాటలా వినిపిస్తాయి. మన పిల్ల ఆ ‘నాటటాల్’ అనే మాట ఏ డిక్షనరీలో ఉందా అని ఆలోచించేలోపు తరవాతి రెండు వాక్యాలు దాటిపోతాయి. మనకు సంధులు కొత్తా చెప్పండి? ఉత్వసంధి, ఇత్వసంధి, ఆమ్రేడితసంధి అని బళ్లో వల్లెవేసిన వాళ్లమే కదా! ఇంగ్లీషు నోటిమాటలోనూ సంధుల్లాంటివి ఉన్నాయని ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇంకా చిన్న చిన్న గోతులున్నాయి. ‘థర్టీన్’, ‘థర్టీ’ ఒకేలా వినిపిస్తాయి. మొదటిదానిలో ఒత్తు చివర పడుతుంది, రెండోదానిలో మొదట పడుతుంది. పదమూడో తేదీ అన్నది ముప్ఫయ్యో తేదీ అయితే మార్కు గోవిందా! ‘కెన్’, ‘కాంట్’ మధ్య తేడా మరీ సన్నం. చివరి ‘ట్’ వినిపించీ వినిపించనట్టుంటుంది. అది అందకపోతే ‘చేయలేను’ అన్నది ‘చేయగలను’ అయి కూర్చుంటుంది. ఫోన్ నంబర్లలో రెండు అయిదులుంటే ‘డబుల్ ఫైవ్’ అంటారు. ఇవన్నీ తెలివితేటలకు సంబంధించినవి కావు. అలవాటుకు సంబంధించినవి. పది రోజులు వింటే పదకొండో రోజు వాటంతట అవే తెలుస్తాయి.

మన వాళ్ల చెవులు మామూలువా? అక్షరం ముక్క రాని మా అవ్వలు రాత్రంతా గుడి దగ్గర హరికథ విని, పొద్దున్నే కథంతా వరసగా చెప్పేవాళ్లు. తోలుబొమ్మలాటలో విన్న పద్యాలు కసవు ఊడుస్తూ పాడుకునేవాళ్లు. అష్టావధానంలో ఎనిమిది మంది అడిగింది చెవితో పట్టి గుర్తుంచుకునే విద్య మన తెలుగువాళ్ల సొత్తు. ఆ అవ్వల మనవరాళ్లకు చెవులు పనిచేయవంటే నేను నమ్మను.

మరి ఎలా అలవాటు చేసుకోవాలి? కోచింగు వద్దనను గాని, చాలాచోట్ల మాదిరి పేపర్ల మీద మాదిరి పేపర్లు పెట్టడమే కోచింగు అయిపోయింది. థర్మామీటరు పదిసార్లు పెట్టినంత మాత్రాన జ్వరం తగ్గుతుందా? నా మటుకు నాకు తోచిన పద్ధతి ఇది. ముందు తెలిసిన విషయాన్నే తెలియని భాషలో వినాలి. సాయంత్రం తెలుగు వార్తలు వినండి. రాత్రి 9 గంటలకు ఆకాశవాణి ఇంగ్లీషు వార్తలు వినండి. అవే సంగతులు. తుపాను ఎక్కడుందో, పార్లమెంటులో ఏం జరిగిందో మనకు ముందే తెలుసు కాబట్టి చెవికి పట్టుకోను కొమ్మ దొరుకుతుంది.

తరవాత మెట్టుకు బీబీసీ పాఠాలు ఉన్నాయి. రేడియో ద్వారా ఇంగ్లీషు నేర్పే పని వాళ్లు 1943లోనే మొదలుపెట్టారు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఆరేసి నిమిషాల సంభాషణలు, మాట్లాడిందంతా రాసిన ప్రతితో సహా ఉచితంగానే దొరుకుతున్నాయి. వెనకటికి, 1959లో, అమెరికా వాళ్ల వాయిస్ ఆఫ్ అమెరికా ‘స్పెషల్ ఇంగ్లీష్’ అని ఒక ప్రసారం మొదలుపెట్టింది. దాదాపు 1500 మాటలతోనే, మామూలు కన్నా నిదానంగా వార్తలు చదివేవాళ్లు. నేర్చుకునేవాళ్లకు నిదానం కావాలని అంత పెద్ద దేశమే గుర్తించింది. కాబట్టి ఫోనులో వేగం తగ్గించుకుని వినడానికి మన పిల్లలు నామోషీ పడక్కర్లేదు.

ఒక్క సంభాషణ మూడు రోజులకు సరిపెట్టుకోవాలి. మొదటి రోజు రాతప్రతి చూడకుండా వినడం, అర్థమైన మాటలు కాగితం మీద రాసుకోవడం. పది మాటలే వస్తే పదే. రెండో రోజు రాతప్రతి ముందు పెట్టుకుని, వేలితో వెంబడిస్తూ వినడం. ఎక్కడ మింగారో, ఎక్కడ సంధి చేశారో అప్పుడు తెలిసిపోతుంది. మూడో రోజు మళ్లీ కాగితం లేకుండా. రోజుకో కొత్తది వింటూ పోయేవాళ్ల కన్నా ఇలా ఒక్కదాన్నే నమిలేవాళ్లకు తొందరగా వస్తుంది.

చదవడం గురించి ఎక్కువ చెప్పను. మన పిల్లలకు అది కొంత వచ్చు. కాకపోతే ప్రతి మాటకూ డిక్షనరీ తిరగేసే అలవాటు మానాలి. గంటలో మూడు పాఠాలంటే అంత తీరిక ఎక్కడిది? ముందు ప్రశ్నలు చూసుకుని, అప్పుడు పాఠంలోకి దిగాలి. తెలియని మాట వస్తే దాటేయాలి. తెలుగు పేపర్లో చదివిన వార్తనే, చీనీ ధరో వాన సంగతో, ఇంగ్లీషు పేపర్లో వెతికి డిక్షనరీ లేకుండా చదవడం మంచి సాధన.

ఇదంతా రోజుకు అరగంట పని. ఖర్చు లేని పని. అయినా మన అమ్మాయిలు చేయలేకపోతున్నారు. ఎందుకో తెలుసా? ఆ అరగంట వాళ్లది కాదు గనక!

ఇంట్లో పెద్ద ఫోను ఒక్కటే ఉంటుంది. అది నాన్న జేబులోనో, తమ్ముడి చేతిలోనో ఉంటుంది. తమ్ముడు చెవుల్లో ఆ తీగలు పెట్టుకుని గంట కూర్చుంటే ‘ఏదో చూసుకుంటున్నాడులే’ అంటాం. అదే పెళ్లీడు పిల్ల పెట్టుకుంటే? ‘ఎవరితో మాట్లాడుతోంది?’ అని నాయనమ్మ మొదలుకుని పక్కింటి వాళ్ల దాకా చెవులు నిక్కబొడుచుకుంటారు. ‘పిలుస్తుంటే పలకదేం? ఏం పాఠాలమ్మా అవి?’ అంటారు. చదువుకోడానికి పుస్తకం పట్టుకుంటే చదువులా కనపడుతుంది. వినడం చదువులా కనపడదు. అదీ దీనికున్న శాపం! పుస్తకం ముందు కూర్చున్న పిల్లను ఏ తల్లీ లేపదు. పాఠం వింటున్న పిల్లను మాత్రం ‘ఊరికే కూర్చున్నావు గదా, ఆ అంట్లు తోమెయ్’ అని లేపేస్తాం. పరీక్షలో ఆ 40 ప్రశ్నలు ఇంట్లో ఇలా పోయినవేనని ఎవరికీ తోచదు.

అనుమానానికి మందు ఒకటుంది. ఆ చెవి తీగలు తీసేయమనండి. ఫోను వంటింటి గూట్లో పెట్టి, గట్టిగా అందరికీ వినిపించేలా పెట్టమనండి. మీరు రొట్టెలు తడుతూ వినండి. రాతప్రతి కాగితం మీ చేతికిమ్మనండి. మీకు ఇంగ్లీషు అక్షరాలు వస్తే చాలు. అమ్మాయి విన్నది చెప్తుంటే మీరు కాగితంలో ఉందో లేదో చూడండి. డిగ్రీ చదివి ఇంట్లో ఉండిపోయిన నాలాంటి వాళ్లకు ఇది మరీ తేలిక. డిగ్రీ చదవని వాళ్లకూ వారం తిరిగేసరికి ఒకటో రెండో మాటలు చెవిన పడక మానవు.

వచ్చిన ఇబ్బందల్లా ఆ రాత్రి 9 గంటల దగ్గరే. చాలా ఇళ్లల్లో సీరియల్ మంచి పట్టులో ఉండే వేళ అది! వార్తలు పట్టుమని పావుగంటే. ఎవరు తగ్గాలన్నది మీ అత్తగారూ మీరూ కలిసి తేల్చుకోండి. అమ్మాయిని మాత్రం పంచాయితీకి పిలవకండి, ఆమెకు వేళవుతోంది.