మనం చెబితే చాలదట!

ఒక పట్నంలో నలభైమంది కలిసి డాబాల మీద యాంటెన్నాలు బిగించుకున్నారనుకోండి. ఒక ఇంటి కంప్యూటర్ నుంచి ఇంకో ఇంటి కంప్యూటర్‌కి గాల్లోనే దారి వేసుకున్నారు. టెలిఫోన్ కంపెనీ తీగతో పనిలేదు. పాటలూ ఫొటోలూ పంపుకుంటారు, కబుర్లు చెప్పుకుంటారు, ఎవరైనా ఒకరు నెట్ కనెక్షన్ తీసుకుంటే నలుగురూ పంచుకుంటారు. మరి ఈ బృందం గురించి విజ్ఞాన సర్వస్వంలో ఓ పేజీ ఉండాలా, అక్కర్లేదా?

చూడ్డానికి చిన్న ప్రశ్నే. కానీ ఇంగ్లిష్ వికీపీడియాలో ఇలాంటివాటి మీద మామూలుగా ఏడు రోజుల పాటు చర్చ నడుస్తుంది. పేజీ తీసేయాలని ఎవరైనా ప్రతిపాదించవచ్చు, ఉంచాలని ఎవరైనా వాదించవచ్చు. అందులో చాలామంది జీతం భత్యం లేనివాళ్లే, పట్టుదల మాత్రం ప్లీడర్లకి తీసిపోదు. తమాషా ఏమిటంటే అక్కడ చేతులెత్తిన వాళ్లని లెక్కపెట్టరు. బృందం సభ్యులంతా కట్టకట్టుకుని వచ్చి 'ఉంచండి, ఉంచండి' అన్నా ఫలితం ఉండదు. ఎవరి మాటకి ఆధారం ఉందన్నదే లెక్క.

ఈ డాబా బృందాలు ఉత్తుత్తివేమీ కావు. 1999లో వైఫై ప్రమాణాలు ఓ కొలిక్కి వచ్చి, దుకాణాల్లో చవక పరికరాలు దొరకడం మొదలయ్యాక 2000లోనే అమెరికాలోని సియాటిల్, పోర్ట్‌లాండ్‌లలో ఇలాంటివి పుట్టాయి. బంగాళాదుంప చిప్స్ ఖాళీ డబ్బాతో యాంటెన్నా చేసుకున్న ఘనులూ ఉన్నారు. 2002లో గ్రీసు రాజధాని ఏథెన్స్‌లో మొదలైన బృందం వెయ్యి డాబాలు దాటింది. స్పెయిన్‌లోని కాటలోనియాలో గుర్బ్ అనే చిన్న ఊరికి కంపెనీలు బ్రాడ్‌బ్యాండ్ ఇవ్వకపోతే, రామోన్ రోకా అనే ఇంజినీరు 2004లో ఇరుగుపొరుగుతో కలిసి 'గీఫీ' మొదలుపెట్టారు. అది పెరిగి పెరిగి వేలాది కేంద్రాల వ్యవస్థ అయింది. మన దేశంలో ఆరుబయట వైఫైకి లైసెన్సు అక్కర్లేదని 2005లో అనుమతి వచ్చీరాగానే ధర్మశాల కొండల్లో టిబెటన్ల బడులనూ సంస్థలనూ ఇలాగే కలిపారు. అక్కడ యాంటెన్నాలని కోతులు పట్టుకు వేలాడినా ఊడిరాకుండా బిగించాల్సి రావడం అదనపు చాకిరీ.

గీఫీ లాంటి వాటితో పేచీ లేదు. పత్రికలు రాశాయి, విశ్వవిద్యాలయాల వాళ్లు పరిశోధన పత్రాలే రాశారు. చిక్కల్లా మనం మొదట అనుకున్న నలభైమందితోనే. వాళ్ల పని గొప్పదా కాదా అని వికీపీడియా అడగదు. 'మీకు సంబంధం లేనివాళ్లు, నమ్మదగినవాళ్లు, మీ గురించి వివరంగా ఎక్కడ రాశారు?' అని అడుగుతుంది. అదీ ఒకచోట రాస్తే చాలదు. సొంత వెబ్‌సైట్ చెల్లదు. పత్రికలకి పంచిన ప్రకటన యథాతథంగా అచ్చయినా చెల్లదు. ఏదో వార్తలో 'ఫలానా బృందం కూడా పాల్గొంది' అని ఒక ముక్క ఉంటే దాన్నీ పక్కన పెట్టేస్తారు. పెళ్లిచూపుల్లో మా అబ్బాయి బుద్ధిమంతుడని తల్లి చెబితే ఎంత విలువో, ఇక్కడా అంతే. వీధిలో వాళ్లు చెప్పాలి.

ఇదేం చోద్యం, నెట్‌లో చోటుకేం కరువు అనిపిస్తుంది. అచ్చు పుస్తకానికైతే ఆ బాధ ఉంది. కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెడితే 'అ' అక్షరంతోనే మూడు సంపుటాలు నిండాయి. 1923లో ఆయన కన్నుమూసేనాటికి పని అక్కడే ఉంది. వికీపీడియాకి ఆ కొరత లేదు. ఉన్న కొరత సరిచూసుకునే మనుషులకి. ఎవరూ బయటినుంచి రాయని సంగతిని ఎలా సరిచూస్తారు? నలభైమందిని నాలుగు వందలని రాసుకున్నా పట్టుకునే దారి లేదు. పైగా యాంటెన్నా కుర్రాళ్లకని తలుపు తెరిస్తే, వెనకాలే కోచింగ్ సెంటర్లు, ప్లాట్ల వ్యాపారులు, ఎన్నికల ముందు 'ప్రముఖ సంఘసేవకులు' బిలబిలమంటూ వచ్చేస్తారు. అందుకే నా ఓటు (చెల్లకపోయినా సరే) ఆ నిబంధనకే.

అయితే నిబంధన మంచిదైనంత మాత్రాన తీర్పులన్నీ మంచివైపోవు. భౌతికశాస్త్రవేత్త డోనా స్ట్రిక్‌లాండ్ గురించి ఎవరో పేజీ రాసిస్తే, తగిన ఆధారాలు లేవని 2018 మే నెలలో తిప్పికొట్టారు. ఆ అక్టోబరులోనే ఆమెకి నోబెల్ బహుమతి వచ్చింది! అంతటి ఆమెకే అలా జరిగితే, డాబా మీద తీగలు ముడివేసే వాళ్ల మాటేమిటి?

ఇక్కడే మనలాంటి వాళ్లకి అసలు కష్టం. ఆధారం వెతకడమంటే చాలామందికి గూగుల్‌లో పేరు కొట్టి చూడటమే. తెలుగు దినపత్రికల జిల్లా పేజీల్లో ఏళ్ల తరబడి ఎన్నెన్ని మంచి సంగతులు వచ్చాయో లెక్కలేదు. ఇరవై ఏళ్ల కిందటి ఆ పేజీల్లో చాలా భాగం వెతికితే దొరికే రూపంలో నెట్‌లో లేదు. రాయలేదు కాబట్టి లేదు అనడం వేరు, రాసినా దొరకలేదు అనడం వేరు. చర్చలో రెండూ ఒకటైపోతాయి. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008లో మొదలైంది. దాని గురించి ఇంగ్లిష్ పత్రికలూ పరిశోధకులూ రాశారు కాబట్టి ఎవరికైనా చప్పున దొరుకుతుంది. అదే ఒక్క జిల్లా పేజీలోనే వచ్చి ఉంటే?

తీసేయడమే శిక్ష అనుకోనక్కర్లేదు. విడిగా పేజీకి సరిపోకపోతే ఆ పట్నం పేజీలోనో, ఇలాంటి బృందాలన్నిటి గురించిన పేజీలోనో ఒక పేరాగా కలిపేసే పద్ధతి ఉంది. చిన్న బృందాలకి నాకు న్యాయంగా తోచేదీ అదే. తీసేసిన పేజీ కూడా బూడిదైపోదు. నిర్వాహకులకి కనిపిస్తూనే ఉంటుంది, కొత్త ఆధారం దొరికితే తిరిగి తేవచ్చు. ఇంకో సదుపాయం కూడా ఉంది. ఒకసారి అర్హత తేలాక, చవక మొబైల్ డేటా వచ్చి బృందం మూతపడినా పేజీకి ఢోకా లేదు.

ఆధారం నెట్‌లోనే ఉండాలన్న నియమమూ లేదు. ట్రంకుపెట్టెలో దాచిన పేపరు ముక్కయినా పనికొస్తుంది. పత్రిక పేరు, తేదీ, పేజీ నంబరు చెప్పగలిగితే చాలు. కాబట్టి మీ ఊరి గ్రంథాలయం గురించో, నాటక సమాజం గురించో వార్త వచ్చినప్పుడు కత్తిరించి దాచేవాళ్లెవరైనా ఇంట్లో ఉంటే, పైనున్న తేదీ కూడా కలిసొచ్చేలా కత్తిరించమని చెప్పండి.