నిలిచిన బండి, మండు నూనె

స్టేషనులో బండి నిలిచినను డీజిలు ఇంజను ఊరకుండదు, గుడగుడలాడుచునే యుండును. చూపరులు దీనిని డ్రైవరు నిర్లక్ష్యమని తలంతురు. అది న్యాయము కాదు. ఇంజను ఆగినచో బ్రేకులకు గాలి నందించు కంప్రెసరు కూడ ఆగును. 16 సిలిండర్ల యంత్రమును మరల త్రిప్పుటకు బ్యాటరీలలో మిక్కిలి బలము కావలెను. అది చాలకున్నచో బండి అచ్చటనే చిక్కుకొనును.

2013వ సంవత్సరము జూలై మాసమున కెనడా దేశమందు వాలుపై నిలిపిన ఒక చమురు బండి ఇంజనులో మంటలు లేచెను. వానిని ఆర్పినవారు ఇంజనును ఆపివేసిరి. గాలి క్రమముగా కారిపోయెను. చేతిబ్రేకులు చాలినన్ని వేయబడలేదు. బండి తనంత దొరలి లాక్ మెగాంటిక్ పట్టణమున పట్టాలు తప్పి మండగా 47 మంది మరణించిరి. కావున "ఇంజను నాపుడు" అని ఆజ్ఞాపించినంత మాత్రమున పొదుపు సిద్ధింపదు.

భారత రైల్వేలు పెక్కు డీజిలు ఇంజనులలో ఆగ్జిలరీ పవర్ యూనిట్ అను చిన్న యంత్రము నమర్చినవి. పెద్ద యంత్రము ఊరక తిరుగుచు గంటకు సుమారు 25 లీటర్ల నూనె త్రాగును. చిన్నది 3 లీటర్లతోనే గాలిని నింపి, బ్యాటరీలను పోషించును. ఇదియే సరియైన త్రోవ.

విద్యుత్తు మార్గములు విస్తరించిన ఈ దినములలో డీజిలు ఇంజనులకు ఇంత వ్యయమేల యని కొంద రందురు. యార్డులలో పెట్టెలను కూర్చు ఇంజనులు పని కొరకు గంటల తరబడి నిరీక్షించుచుండునను మాట వారు మరచిరి కాబోలు!