గ్యాస్ కాదు, గుండె!

మామిడికాయల సీజన్‌లో ఉంగుటూరు నుంచి నూజివీడు దాకా ఏ తోటకి వెళ్లినా వినపడే ఒక మాట నా ఒళ్లు మండిస్తుంది. "గ్యాస్ అయ్యుంటుంది లేవయ్యా!" ఎండలో కాయ కోయిస్తున్న రైతు ఛాతీ పట్టుకుని చెట్టుకింద కూలబడతాడు. చెమటలు ధారకడతాయి. ఒకరు సోడా తెస్తారు, ఇంకొకరు వాము నమలమంటారు, ఆర్ఎంపీ వచ్చి గ్యాస్ ఇంజెక్షన్ పొడుస్తాడు. "తగ్గకపోతే పొద్దున్నే విజయవాడ తీసుకెళ్దాం" అని తీర్మానం. కాయల లారీ మార్కెట్‌కి గంట ఆలస్యమైతే గగ్గోలు పెట్టేవాళ్లం, మనిషిని మాత్రం తెల్లారేదాకా ఆపుతామా?

ఆ ఆగిన కాసేపూ గుండె ఊరికే ఉండదు. దాని కండరంలో నరాల కొసల దగ్గర నోరాడ్రినలిన్ అనే హార్మోన్ నిల్వ ఉంటుంది. మామూలప్పుడు మెదడు అడిగితే చిటికెడు వదిలి, పని కాగానే నరమే చాలావరకు వెనక్కి లాక్కుంటుంది. రక్తనాళంలో గడ్డ అడ్డుపడి రక్తం అందకపోతే కణాలకి శక్తినిచ్చే ఏటీపీ అడుగంటుతుంది, నరం కొసలో సోడియం పేరుకుంటుంది. మురుగుకాలువ పొంగినప్పుడు తూములోంచి నీరు పొలంలోకి ఎగదన్నుతుందే, అలా వెనక్కి లాగాల్సిన దారే ఆ హార్మోన్‌ని బయటికి తోసేస్తుంది. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో పరిశోధకుడు షోమిగ్ బృందం 1984లో ఎలుకల గుండెల్లో దీన్ని చూపించింది. మొదటి 10 నిమిషాలు పెద్దగా కనపడదు. ఆ తర్వాత వరదే. అసలే ఆకలితో ఉన్న కండరాన్ని అది కొరడాతో తోలుతుంది. లయ తప్పిన గుండె కొట్టుకోవడం మాని వణుకుతుంది. మనిషి పోతాడు.

ధైర్యం చెప్పండి, కాదనను. కానీ ఈ వరదకి మెదడు ఆజ్ఞతో పనిలేదు. "టెన్షన్ పడకు" అంటే ఆగదు. రక్తం మళ్లీ పారాలి, అంతే.

కండరంలో ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి గుర్తించినవాడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. 1948లో, 53 ఏళ్లకే, న్యూయార్క్‌లో గుండె ఆగి పోయాడు. రక్తనాళంలో గడ్డని కరిగించే ఇంజెక్షన్ అప్పుడు వైద్యుల చేతిలో లేదు. ఇప్పుడు టెనెక్టెప్లేస్ ఉంది, మన రాష్ట్రంలో ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు కూడా. మందు ఉండి చావడాన్ని నేను తలరాత అనను, నేరం అంటాను.

ఆర్ఎంపీ గారూ, అర్ధరాత్రి తలుపు తడితే వచ్చేది మీరే, మీ మీద గౌరవం ఉంది. అందుకే అడుగుతున్నా: ఈసీజీ చూడకుండా ఛాతీనొప్పిని గ్యాస్ అనొద్దు. తోటలో ఉన్నవాళ్లూ, ఆయన్ని నడిపించొద్దు, బండి వెనక కూర్చోబెట్టొద్దు. సోడా పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి.